పాత గోడలు మన చేతిలోని అమానతులు

హైదరాబాదులో ఖైరతాబాదు నుండి పంజాగుట్ట వైపు సాగే దారి పక్కన, ఒక గుట్ట మీద ఎర్రమంజిల్ అనే పాత సౌధమున్నది. ఆ పేరులో రెండు భాషలు కలిసిపోయినాయి. అక్కడి ఎర్రమట్టిని బట్టి తెలుగువారు ఆ గుట్టకు పేరు పెట్టుకొన్నారనీ, 1870 ప్రాంతంలో అక్కడ నివాసం కట్టించుకొన్న నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ ఆ ధ్వనికి దగ్గరగా ఫార్సీలో 'ఇరమ్ మంజిల్' అని పిలుచుకొన్నాడనీ పెద్దలు చెబుతారు. ఫార్సీ సాహిత్యంలో ఇరమ్ అంటే స్వర్గతుల్యమైన ఉద్యానవనం. దివ్యఖుర్ఆన్ చదివేవారికి ఆ పేరు మరొక సంగతిని కూడా జ్ఞప్తికి తెస్తుంది. అల్ ఫజ్ర్ సూరాలో ఎత్తైన స్తంభాలు గల ఇరమ్ ప్రస్తావన వస్తుంది. ఆద్ జాతివారు తమ కట్టడాలను చూసి మురిసిపోయి, కట్టే శక్తిని ప్రసాదించిన ప్రభువును మరచిపోయారు. వారి పర్యవసానాన్ని గుణపాఠంగా గ్రహించమని ఆ గ్రంథం మానవులను హెచ్చరిస్తున్నది.

2019 జూన్‌లో ఈ భవనాన్ని తొలగించి ఆ స్థలంలో కొత్త శాసనసభా భవనాన్ని నిర్మించాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. అదే నెల 27వ తేదీన శంకుస్థాపన కూడా జరిగింది. నగర చరిత్రపై మమకారం గల పౌరులు, వారసత్వ పరిరక్షకులు ఉన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. సెప్టెంబరు 16న న్యాయస్థానం మంత్రివర్గ నిర్ణయాన్ని చెల్లనిదిగా ప్రకటించి కొట్టివేసింది. ఎర్రమంజిల్ నిలిచింది.

దానిని నిలిపినవారు ఆ నవాబు వారసులు మాత్రమే కారు. ఆ ఇంటితో రక్తసంబంధం గాని, ఆస్తిహక్కు గాని లేనివారు కూడా పాత పటాలను, పాత ఉత్తర్వులను వెదికి తీశారు, కోర్టుల చుట్టూ తిరిగారు. అటువంటివారి శ్రమ ఎట్టిదో, దానితో మన ఇళ్లకు, మన మస్జిదులకు ఉన్న సంబంధమేమిటో పాఠక సోదర సోదరీమణులతో ముచ్చటించడమే ఈ వ్యాసపు ఉద్దేశం. మేము మదరసాలో పాఠాలు చెప్పుకొనే వారము. నవాబుల వైభవాన్ని కీర్తించడం మా పని కాదు. అయితే పాత కట్టడం పట్ల మన బాధ్యత ఏమిటన్న ప్రశ్న వైభవానికి సంబంధించినది కాదు, అమానతుకు సంబంధించినది.

జాబితాతో మొదలయ్యే సేవ

మన దేశంలో ఈ పనిలో ప్రముఖమైనది 'ఇంటాక్' అని పిలువబడే జాతీయ కళా, సాంస్కృతిక వారసత్వ సంస్థ. 1984లో ఢిల్లీ కేంద్రంగా ఏర్పడిన ఈ సంస్థకు అనేక నగరాలలో, జిల్లాలలో శాఖలున్నాయి. స్థానిక శాఖలను నడిపేవారు ఎక్కువగా స్వచ్ఛంద సేవకులే. హైదరాబాదు శాఖలో వాస్తుశిల్పులు, చరిత్రకారులు, విశ్రాంత అధికారులు, గృహిణులు, విద్యార్థులు కలిసి పనిచేస్తూ వస్తున్నారు.

వీరి సేవ అనగానే ధర్నాలు, పత్రికా ప్రకటనలు గుర్తుకు రావచ్చును. కాని అసలు పని జాబితాతో మొదలవుతుంది. వీధివీధికీ తిరిగి ఏ కట్టడం ఎక్కడ ఉన్నది, ఎవరు ఎప్పుడు కట్టించారు, ఏ పదార్థంతో కట్టారు, నేటి యజమాని ఎవరు, ఏ భాగం శిథిలమయింది అన్న వివరాలను రాసి, ఛాయాచిత్రాలతో భద్రపరుస్తారు. ఇది చూడడానికి నీరసమైన పని. కాని జాబితాలో లేని కట్టడానికి చట్టం దృష్టిలో ఉనికి లేదు. ఒక రాత్రి యంత్రం వచ్చి కూల్చివేస్తే, తెల్లవారి అక్కడ ఏముండేదో నిరూపించడం కూడా కష్టమే.

హైదరాబాదులో 1995లో నగరాభివృద్ధి సంస్థ నిబంధనలలో చారిత్రక భవనాల జాబితా చేరింది. అందులోని భవనాన్ని పడగొట్టాలన్నా, మార్చాలన్నా ముందుగా అనుమతి పొందాలన్న నియమం అప్పటినుండి అమలులోకి వచ్చింది. వంద పైచిలుకు భవనాలకు అది ఒక గొడుగు వంటిదయింది. 2015లో ప్రభుత్వం ఆ నిబంధనను తొలగించింది. ఆ తరువాత 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. చట్టాలు వస్తాయి, పోతాయి, మారుతాయి. ఈ మార్పుల మధ్య ఏ గోడకు ఏ రక్షణ మిగిలి ఉన్నదో గమనించి, అవసరమైనప్పుడు గొంతు విప్పేవారు ఎవరో ఒకరు ఊరిలో ఉండాలి. వారసత్వ సంఘం చేసే కావలి పని అదే.

వీరు చేసే మరొక మంచి పని సత్కారం. ప్రతి ఏప్రిల్ 18వ తేదీని ప్రపంచ వారసత్వ దినంగా జరుపుకొంటారు. ఆ సందర్భంగా, తమ పాత భవనాలను శ్రద్ధతో కాపాడుకొన్నవారికి హైదరాబాదు శాఖ పురస్కారాలు అందజేస్తూ వస్తున్నది. మస్జిదులు, మందిరాలు, చర్చిలు, పాఠశాలలు, మామూలు నివాసగృహాలు సైతం ఈ గౌరవాన్ని పొందుతున్నాయి. కూల్చినవారిని నిందించడం తేలిక. కాపాడినవారిని పదిమంది ఎదుట నిలబెట్టి అభినందించడం వలన ఇరుగుపొరుగు వారికి కూడా తమ ఇంటి పాత దర్వాజా విలువ తెలిసి వస్తుంది.

గోల్కొండ చెంత నేర్పిన పాఠం

కాపాడటమంటే ఏమిటో కన్నులారా చూడదలచినవారు గోల్కొండ కోటకు సమీపంలోని కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణానికి వెళ్లాలి. 106 ఎకరాల ఆ ప్రదేశంలో నలభై సమాధి భవనాలు, ఇరవైమూడు మస్జిదులు, దిగుడుబావులు, ఒక హమామ్, తోటలు ఉన్నాయి. 2013లో ఆగాఖాన్ సాంస్కృతిక సంస్థ రాష్ట్ర ప్రభుత్వ వారసత్వ శాఖతో కలిసి ఇక్కడ పునరుద్ధరణకు పూనుకొన్నది. పని పదేళ్లకు పైగా సాగి 2024 జూలైలో ముగిసింది.

ఆ పదేళ్లలో వారు చేసినదానిలో ఎక్కువభాగం కొత్తగా కట్టడం కాదు, గత శతాబ్దంలో మరమ్మతుల పేరిట అంటించిన సిమెంటును ఒలిచివేయడం. సిమెంటు గట్టిదే కదా, దానిని ఎందుకు తీయాలి అని మా విద్యార్థులు అడిగారు. ఆ ప్రశ్న మన మస్జిద్ కమిటీల వారందరూ అడగదగినదే గనుక సమాధానాన్ని వివరంగా చెబుతున్నాము.

పూర్వీకులు రాతి గోడలను సున్నంతో కట్టారు, సున్నంతోనే పూత పూశారు. సున్నపురాయిని కాల్చి, నీళ్లు పోసి చల్లార్చి, చాలా రోజులు నానబెట్టి, ఇసుకతో, ఇటుకపొడితో కలిపి గానుగలో మెత్తగా నూరేవారు. బెల్లపు నీరు, మారేడుపండు గుజ్జు, మినుముల జిగురు, గుడ్డుసొన వంటివి అందులో కలిపేవారు. అలా తయారైన గచ్చు నెమ్మదిగా గట్టిపడుతుంది, ఏళ్లు గడిచినకొద్దీ రాయిలా మారుతుంది. అయినా అందులో కంటికి కనబడని సన్నని రంధ్రాలుంటాయి. వానకాలంలో గోడలోకి చేరిన తేమ ఎండకాలంలో వాటిగుండా బయటికి వెళ్లిపోతుంది. పాతకాలపు మేస్త్రీలు గోడ శ్వాసిస్తుందని చెప్పేది ఇందుకే.

సిమెంటు పూత ఆ రంధ్రాలను మూసివేస్తుంది. లోపలి తేమ బయటికి రాలేక గోడలోనే తిరుగుతుంది. దానితోపాటు లవణాలు పేరుకొని, స్ఫటికాలుగా మారి, రాతిని, పాత సున్నాన్ని లోపలినుండి పొడిగా రాల్చుతాయి. పైకి గోడ నున్నగా, కొత్తగా కనిపిస్తుంది. ఒకనాడు పెచ్చు ఊడితే లోపలి రాయి సైతం దానితో కలిసి ఊడి వస్తుంది. నూనె రంగులు, మెరిసే పలకలు చేసే కీడు కూడా ఇటువంటిదే.

ఆ ఆవరణంలోనే బడీ బావ్లీ అనే పెద్ద దిగుడుబావి ఉన్నది. 2013 వర్షాలలో దాని ఒకవైపు గోడ కూలిపోయింది. పనివారు పూడిక తీసి, రాళ్లను తిరిగి పేర్చి, సున్నంతో బిగించి దానిని నిలబెట్టారు. ఇప్పుడు వాననీరు అందులో నిలుస్తున్నది, చుట్టూ ఉన్న తోటలకు అక్కరకు వస్తున్నది. ఇక్కడి దిగుడుబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం లభించింది. చూచి పోవడానికే కాక, కట్టిన పనికే మళ్లీ ఉపయోగపడటం ఈ బావి ప్రత్యేకత.

ఇక్కడ ఒక సందేహం కొందరికి కలుగవచ్చును. సమాధులపై గుమ్మటాలు కట్టడాన్ని గురించి ధర్మవేత్తలు చేసిన చర్చ మన పాఠకులకు తెలియనిది కాదు. కొత్తగా కట్టడం వేరు, నాలుగు వందల ఏళ్లుగా నిలిచి ఉన్నదానిని చరిత్ర సాక్ష్యంగా భద్రపరచడం వేరు. భూమిలో సంచరించి గతించిన జాతుల జాడలను చూడమని దివ్యఖుర్ఆన్ పలుచోట్ల ప్రబోధిస్తున్నది. జాడలే మిగలకపోతే చూచేదేమిటి? రాజులు కూడా మట్టిలోనే పండుకొన్నారన్న సంగతిని పాఠ్యపుస్తకం కంటె ఆ సమాధుల నడుమ ఒక సాయంత్రపు నడక గట్టిగా బోధిస్తుంది.

మన చేతులే చేస్తున్న నష్టం

ఇంతవరకు చెప్పినది ప్రభుత్వాలు, పెద్ద సంస్థల సంగతి. ఇక మన సంగతికి వద్దాము. తెలుగునాట పాత మస్జిదులు వందలాదిగా ఉన్నాయి. వాటిలో ప్రభుత్వ పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి కొన్నే. మిగిలినవి మన ముతవల్లీల, మన కమిటీల చేతులలోనే ఉన్నాయి. వాటికి ముప్పు తెచ్చేవారు బయటివారు మాత్రమే అనుకొంటే అది ఆత్మవంచన. సదుద్దేశంతో, చందాలు పోగుచేసి, ఎంతో భక్తితో మనమే వాటి ముఖాన్ని చెరిపివేస్తున్నాము. సున్నపు అల్లికలపై సిమెంటు పూస్తున్నాము, మిహ్రాబ్ చుట్టూ చెక్కిన రాతిపై మెరుపు పలకలు అంటిస్తున్నాము, మీనారులకు మూడు రంగుల నూనెపూత వేస్తున్నాము, వరండా ముందు రేకుల పందిరి దింపుతున్నాము.

మేము ఎరిగిన ఒక చిన్న పట్టణంలో పాత మస్జిదుకు ఇలాగే పలకలు వేశారు. ద్వారంపై ఉన్న ఫార్సీ శాసనపు రాయి అడ్డుగా ఉన్నదని తీసి, వుజూ చేసుకొనే కుళాయిల వద్ద కాలు మోపేందుకు వేశారు. ఏళ్లు గడిచాయి. ఆ మస్జిదు ఎవరు కట్టించారని అడిగితే జవాబు చెప్పేవారు లేరు. మా విద్యార్థులు కొందరు ఒక సెలవుదినాన ఆ రాతిని కడిగి, అక్షరం వెంట అక్షరం కూడబలుక్కొని చదివారు. కట్టించినది ఒక స్త్రీ అని, తన నగలు అమ్మి నీటిబావితో సహా వక్ఫ్ చేసిందని అందులో ఉన్నది. ఏళ్ల తరబడి ఆమె చేసిన సదఖయె జారియా మీద నిలబడి నమాజు చేస్తూ, ఆమె పేరు మీదనే కాలు కడుక్కొన్నారు ఆ మహల్లావారు. విషయం తెలిసిన నాడు కమిటీ పెద్దలు కన్నీరు పెట్టుకొన్నారు. ఇప్పుడు ఆ రాయి తిరిగి గోడలో, చేతికి అందనంత ఎత్తున ఉన్నది.

శాసనం పోతే పోయేది పేరు మాత్రమే కాదు. ఎవరు వక్ఫ్ చేశారు, ఎంత భూమి ఇచ్చారు, ఏ షరతుపై ఇచ్చారు అన్నదానికి కొన్నిచోట్ల ఆ రాయే తొలి ఆధారం. వాకిఫ్ పెట్టిన షరతును శిరసావహించాలని ఫిఖ్హ్ గ్రంథాలు ఎంతో గట్టిగా చెబుతాయి. ముతవల్లీ యజమాని కాడు, అమీన్ మాత్రమే. తనకు అప్పగించిన సొత్తును తన అభిరుచి మేరకు మార్చే హక్కు అమీన్‌కు ఎంతవరకు ఉన్నదో మన కమిటీలు సుత్తి ఎత్తకముందే ఆలోచించవలసి ఉన్నది.

మదరసాల వద్ద ఉన్న తాళంచెవి

వారసత్వ సంఘాలవారి వద్ద వాస్తుశాస్త్రం ఉన్నది, చట్టజ్ఞానం ఉన్నది. అయితే గోడలపై నస్ఖ్, సుల్స్, నస్తాలీఖ్ లిపులలో ఉన్న అరబీ, ఫార్సీ రాతలను చదవగలిగినవారు వారిలో తక్కువ. ఆ విద్య మన మదరసాలలో ఉన్నది.

ఒక్క ఉదాహరణ. చార్మినార్ నిర్మాణం, హైదరాబాదు నగర స్థాపన హిజ్రీ 1000వ సంవత్సరంలో, అనగా 1591లో జరిగాయని అందరూ చదువుకొంటారు. ఆ సంవత్సరాన్ని సూచించే మాటగా 'యా హాఫిజ్' అన్నది ప్రసిద్ధం. అబ్జద్ లెక్కలో ప్రతి అరబీ అక్షరానికి ఒక విలువ ఉన్నది. యాకు 10, అలిఫ్‌కు 1, హాకు 8, మళ్లీ అలిఫ్‌కు 1, ఫాకు 80, జోయ్‌కు 900. కూడితే సరిగ్గా 1000 వస్తుంది. ఆ మాటకు అర్థం 'ఓ కాపాడేవాడా' అని. నగరం పుట్టిన సంవత్సరమే ఒక దుఆగా మారింది. ఇటువంటి తారీఖులు ఎన్ని పాత మస్జిదుల గోడలపై, ఎన్ని సమాధి ఫలకాలపై చదివేవారు లేక మిగిలి ఉన్నాయో!

అరబీ, ఫార్సీ చదువుకొన్న విద్యార్థి తన జిల్లాలోని పది శాసనాలను నకలు రాసి, తెలుగులో అర్థం చెప్పి, స్థానిక వారసత్వ సంఘానికి అందజేస్తే అది దీన్ సేవ, దేశసేవ కూడా. ఆ సంఘంలోని హిందూ, క్రైస్తవ సోదరులు మన మస్జిదుల కోసం ఎండలో నిలబడి కొలతలు తీసుకొంటున్నప్పుడు మనం చాయ్ ఇచ్చి పంపితే సరిపోదు, పక్కన నిలబడి రాయి చదివి చెప్పాలి. అలాగే వారు ఒక పాత కోవెల మండపాన్ని కాపాడబూనితే మన యువకులు సాయపడాలి. కడప జిల్లాలోని గండికోటలో మాధవరాయస్వామి ఆలయం, జామియా మస్జిదు ఒకే కోట గోడల నడుమ నిలిచి ఉన్నాయి. ఒకదానిని కాపాడి రెండవదానిని వదిలివేస్తే ఆ కోట చరిత్ర సగమే మిగులుతుంది.

అవసరం ముందా, గోడ ముందా?

'మౌలానా, జుమాకు స్థలం చాలడం లేదు. రంజాన్ మాసంలో తరావీహ్‌కు జనం రోడ్డుమీద నిలబడుతున్నారు. పాతదానిని పడగొట్టి మూడంతస్తులు కట్టకుంటే ఎలా?' అని అడిగేవారున్నారు. ఇది న్యాయమైన ప్రశ్న. మస్జిదె నబవీని సైతం హజ్రత్ ఉమర్, హజ్రత్ ఉస్మాన్ (రజియల్లాహు అన్హుమా) తమ కాలాలలో విస్తరింపజేశారు. విస్తరణ తప్పు అని ఎవరూ అనలేరు. అయితే స్థలం చాలకపోవడం పాత ప్రార్థనామందిరాన్ని పడగొట్టడానికి కారణం కానవసరం లేదు. వెనుకనో, పక్కనో ఉన్న ఖాళీ స్థలంలో కొత్త హాలు కట్టి, పాతదానిని లోపలి వరుసలుగా ఉంచుకొన్న చోట్లు ఉన్నాయి. ముందుగా అనుభవజ్ఞుడైన వాస్తుశిల్పిని అడగడం వలన పోయేదేమీ లేదు. కూల్చిన తరువాత అడిగితే మాత్రం ప్రయోజనముండదు.

ప్రాణాలతో ముడిపడిన అవసరం ఎదురైతే ప్రశ్న ఇంకా కఠినమవుతుంది. ఉస్మానియా ఆసుపత్రి సంగతి చూడండి. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి వేలాదిమందిని పొట్టన పెట్టుకొన్నప్పుడు, ఆ ఒడ్డున ఉన్న ఒక చింతచెట్టు తన కొమ్మలపై సుమారు 150 మందిని నిలుపుకొన్నదని చెబుతారు. ఆ చెట్టు చెంతనే ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, విన్సెంట్ ఎష్ రూపకల్పనతో ఆసుపత్రి భవనం లేచింది. పేదలకు అది తల్లి వంటిది. కాలక్రమంలో పెచ్చులు ఊడి, 2020 జూలైలో వార్డులలోకి నీరు చేరింది. కొత్త ఆసుపత్రి కావాలని వైద్యులు, రోగులు మొరపెట్టుకొన్నారు. పాత భవనం మరమ్మతులతో నిలబడుతుందని 2015 నుండే ఇంటాక్ నిపుణులు చెబుతూ వచ్చారు. రెండు పక్షాలూ ఒకరినొకరు శత్రువులుగా చూచుకొన్న రోజులున్నాయి. చివరకు 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. రోగి ప్రాణం రాతిగోడ కంటె మిన్న అన్నదానిలో మాకు సందేహం లేదు. కాని ఆ రెండింటిలో ఒకటే ఎంచుకోవాలన్న మాట నిజం కాదని ఈ ఉదంతం చూపుతున్నది. ఇన్ని ఏళ్ల వాదులాటలో కాలం గడిచిందే, రోగులు ఇబ్బంది పడ్డారే అన్నది మాత్రం బాధాకరం.

ముఅజ్జం జాహీ మార్కెట్ మరొక ఉదాహరణ. 1935లో కట్టిన ఆ రాతి బజారు చాలాకాలం రేకులతో, మురికితో కప్పబడి ఉండినది. దానిని శుభ్రపరచి, అదనపు కట్టుబడులను తొలగించి 2020 ఆగస్టులో తిరిగి తెరిచారు. అందులో వర్తకం ఆగలేదు. కట్టడం వాడుకలో ఉంటేనే బ్రతుకుతుంది.

వారసత్వ సంఘాలకు కూడా మా విన్నపమొకటి ఉన్నది. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి చుట్టూ 100 మీటర్లలో కొత్త నిర్మాణాన్ని చట్టం నిషేధించింది, ఆపై 200 మీటర్ల వరకు అనుమతులు అవసరం. గోల్కొండ కోట లోపల, చుట్టుపక్కల తరతరాలుగా కాపురముంటున్న బీద కుటుంబాలు కారుతున్న పైకప్పు బాగుచేసుకోవడానికి సైతం అనుమతి పత్రాల కోసం తిరుగవలసి వస్తున్నది. ఆ కుటుంబానికి దరఖాస్తు రాసిపెట్టి, దారి చూపేవాడే రేపు ఆ కోటకు నమ్మకమైన కాపరిని సంపాదించుకొంటాడు. గోడను ప్రేమించమని చెప్పేవారు గోడ నీడన ఉన్న మనిషిని మరచిపోరాదు.

ఇంటినుండి మొదలు

హయాత్ బఖ్షీ బేగం పేరు మన సోదరీమణులు తప్పక తెలుసుకోవాలి. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కుమార్తె, సుల్తాన్ ముహమ్మద్ సతీమణి, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి అయిన ఆమె పేరనే హయత్‌నగర్ వెలిసింది. అక్కడ ఒక మస్జిదు, బాటసారుల కోసం సరాయి, పెద్ద బావి ఏర్పడ్డాయి. నమాజు, నీడ, నీరు మూడూ ఒక్కచోట సమకూర్చాలన్న ఆ ఆలోచన నేటి మన కమిటీలకు కూడా నేర్పవలసిన పాఠమే.

కట్టడాలను కాపాడే పని ఇంటిలోనుండే మొదలవుతుంది. తాతలనాటి పెట్టెలో మడిచి ఉన్న వక్ఫ్‌నామాలు, సనదులు, పాత ఛాయాచిత్రాలు చెదలకు ఆహారం కాకముందే వాటికి నకళ్లు తీయించాలి. మహల్లా మస్జిదుకు ఏ మరమ్మతు చేయబోయినా ముందుగా నలువైపులా ఛాయాచిత్రాలు తీయించమని ఇంటి మగవారికి చెప్పాలి. రాత ఉన్న రాయి ఏదైనా కదిలించవద్దని, కదిలించక తప్పకపోతే అది ఎక్కడ ఉన్నదో రాసి ఉంచమని కోరాలి. గచ్చు పని తెలిసిన వృద్ధ మేస్త్రీ ఊరిలో ఉంటే, ఆయన వద్ద ఇద్దరు యువకులను చేర్చాలి. ఆ విద్య ఆయనతోపాటే మట్టిలో కలిసిపోనివ్వరాదు. పిల్లలను సెలవులలో ఒక్కసారైనా దగ్గరలోని పాత కట్టడానికి తీసుకొని వెళ్లి, గోడపై పేరు చెక్కడం దొంగతనంతో సమానమని అక్కడే చెప్పాలి.

'ఇంత ఖర్చు ఎవరు పెట్టుకొంటారు' అన్న మాట మిగిలింది. హైదరాబాదు కార్వాన్ ప్రాంతంలో 1671లో కట్టిన తోలీ మస్జిదు ఉన్నది. దానిని దమ్డీ మస్జిదు అని కూడా పిలుస్తారు. మక్కా మస్జిదు నిర్మాణానికి పర్యవేక్షకుడుగా ఉన్న మూసా ఖాన్‌కు ఆ పనిపై ఖర్చయిన ప్రతి రూపాయికి ఒక దమ్డీ చొప్పున ముట్టేదనీ, అలా కూడిన సొమ్ముతో అతడు ఈ మస్జిదును కట్టించాడనీ ప్రతీతి. దమ్డీ అంటే ఆనాటి నాణేలలో అత్యల్పమైనది. మన మస్జిద్ కమిటీలు ప్రతి సంవత్సరం విద్యుద్దీపాలకు, తివాచీలకు, రంగులకు ఎంతో ఖర్చు చేస్తున్నాయి. ఆ ఖర్చులో రూపాయికి ఒక పైసా చొప్పున పాత గోడ మరమ్మతు కోసం వేరుగా ఉంచి, వచ్చే వానకాలానికి ముందే పైకప్పు పగుళ్లకు సున్నం పట్టిస్తే చాలును. ఈ నెల కమిటీ సమావేశంలో ఈ ఒక్క మాటను ప్రస్తావించమని పాఠకులను మనసారా కోరుతున్నాము. సాఫల్యం అల్లాహ్ చేతిలోనిది.